కథల బొమ్మల రెడ్‌వర్క్ బొంత: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్ల గుడ్డ మీద ఒకే ఒక్క ఎర్ర దారంతో పిల్లల పుస్తకాల బొమ్మలు కుట్టి, ఆ ముక్కలన్నీ కలిపి పాతకాలపు అమెరికన్ పద్ధతిలో బొంత చేయాలనుకునేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. చరిత్ర మీద ఆసక్తి లేనివారు నేరుగా గుడ్డ, దారం దగ్గరికి వెళ్ళిపోవచ్చు. కానీ ఎరుపు గురించిన జవాబు మాత్రం చదివి వెళ్ళండి. తరువాత చెప్పే జాగ్రత్తల్లో సగం అక్కడి నుంచే వచ్చాయి.

రెడ్‌వర్క్ అంటే ఏమిటి?

తెల్లని నూలు గుడ్డ మీద బొమ్మ గీతల్ని మాత్రమే ఎర్ర దారంతో కుట్టడం. లోపల నింపడం ఉండదు, నీడలు ఉండవు, రెండో రంగు ఉండదు. లండన్‌లో 1872లో మొదలై, కెన్సింగ్టన్‌లో స్థిరపడిన రాయల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ నీడిల్‌వర్క్ తన కుట్టుపనిని 1876లో ఫిలడెల్ఫియా ప్రపంచ ప్రదర్శనకు పంపింది. అక్కడ చూసిన అమెరికన్ ఆడవాళ్ళకు గీత కుట్టు మీద మోజు పుట్టింది. ఆ కుట్టుకు అక్కడ కెన్సింగ్టన్ కుట్టు అనే పేరు కూడా స్థిరపడింది. తరువాతి నలభై ఏళ్ళలో దిండు గలేబులు, బల్ల గుడ్డలు, బొంతలు, అన్నిటి మీదికీ ఎర్ర గీత ఎక్కింది. 1920ల తరువాత రంగురంగుల దారాలు వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి.

ఎరుపే ఎందుకు? వేరే రంగుతో కుట్టకూడదా?

కుట్టవచ్చు. నీలం దారంతో కుట్టినవీ అప్పట్లో ఉన్నాయి. అయితే ఎరుపు గెలిచింది అందం వల్ల కన్నా ఉతుకు వల్ల. ఆ రోజుల్లో ఇంటి గుడ్డల్ని మరిగే నీళ్ళలో ఉడికించి, గట్టి సబ్బు పెట్టి ఉతికేవారు. మామూలు ఎర్ర దారం మొదటి ఉతుకుకే చుట్టూ ఉన్న తెలుపును గులాబీ చేసి పెట్టేది. ఆ ఉతుకుకు తట్టుకుని నిలిచింది టర్కీ ఎరుపు.

మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మాడర్ మొక్క వేరులో అలిజరిన్ అనే రంగు ఉంటుంది. దాన్ని పటికతోనూ నూనెతోనూ కలిపి నూలు పోగు లోపలికంటా ఎక్కించే పద్ధతి పేరే టర్కీ ఎరుపు. ముక్క వాసన కొట్టే ఆలివ్ నూనె, గొర్రె పేడ, పటిక, సున్నం ఇవన్నీ అందులో పడేవి. నానబెట్టడం, ఆరబెట్టడం, మళ్ళీ నానబెట్టడం, ఇలా వారాల తరబడి సాగే పని. తూర్పు మధ్యధరా తీరపు అద్దకందారుల చేతిలో ఉన్న ఈ విద్య 18వ శతాబ్దం మధ్యలో గ్రీకు పనివారి వెంట ఫ్రాన్సుకూ, 1785లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోకూ చేరింది. 1868లో గ్రేబె, లీబర్‌మాన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. దాంతో మాడర్ సేద్యం కొద్ది ఏళ్ళలోనే చతికిలబడింది, ఎర్ర దారం చవకైంది. మామూలు ఇంటి ఆడపిల్లకు కూడా రంగు పోని ఎర్ర దారం కొనే స్తోమత వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే. రెడ్‌వర్క్ అన్నది ఆ చవకలోంచి పుట్టిన ముచ్చట.

తెలుగువారికి ఈ అలిజరిన్ కొత్తదేమీ కాదు. మచిలీపట్నం, పెడన కలంకారీలోని ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులో ఉన్నదీ అలిజరినే. ఇప్పుడు పెడనలో వాడేది ఎక్కువగా రసాయన అలిజరిన్. దానికి పటిక పట్టించిన గుడ్డ మీదే ఎరుపు పలుకుతుంది. గ్లాస్గో ఎరుపు, పెడన ఎరుపు దాయాదులన్నమాట.

కథల పుస్తకాల బొమ్మలు బొంతల మీదికి ఎలా వచ్చాయి?

దీనికి మూల పురుషుడు అనదగ్గవాడు ఎడ్మండ్ ఎవాన్స్ అనే లండన్ ముద్రాపకుడు. చెక్క దిమ్మెలు చెక్కి, రంగుల్లో అందంగా, చవకగా పిల్లల పుస్తకాలు అచ్చేయడం ఆయన నేర్పు. వాల్టర్ క్రేన్, రాండాల్ఫ్ కాల్డెకాట్, కేట్ గ్రీనవే, ముగ్గురి బొమ్మలూ ఆయన అచ్చులోంచి వచ్చినవే. గ్రీనవే తనే పద్యాలు రాసి తనే బొమ్మలు వేసిన మొదటి పుస్తకం 1879లో వచ్చింది. ఎవాన్స్ ధైర్యం చేసి మొదటి విడతలోనే 20,000 ప్రతులు వేశాడు. అవి చెల్లిపోయాయి.

గ్రీనవే పిల్లలు ఆమె కాలపు బట్టలు వేసుకోరు. అప్పటికే రెండు తరాల పాతబడిన, ఛాతీ కిందే నడుము పట్టీ ఉన్న పొడవాటి గౌన్లు, మొహం చుట్టూ గొడుగు పట్టే టోపీలు వేసుకుంటారు. కుట్టేవారికి ఇది వరమైంది. పొడవాటి గౌనంటే నాలుగు నిలువు గీతలు, ఒక అడుగు గీత. టోపీ మొహాన్ని సగం దాచేస్తుంది కాబట్టి ముక్కు, మూతి కుదరలేదన్న బాధ తక్కువ. ఆమె అనుమతి అడిగినవారూ లేరు, డబ్బిచ్చినవారూ తక్కువే. అమెరికన్ పత్రికలు, నమూనాల వ్యాపారులు ఆ బొమ్మల్ని యథేచ్ఛగా దించుకున్నారు. పాత రెడ్‌వర్క్‌లో కనిపించే టోపీ పిల్లల్లో ఎక్కువమంది ఆమె పిల్లలో, వాళ్ళ నకళ్ళో.

తరువాతి మలుపు 1916లో. కాన్సస్ సిటీ స్టార్ పత్రికలో రూబీ షార్ట్ మెకిమ్ అనే చిత్రకారిణి థార్న్‌టన్ బర్జెస్ జంతువుల కథల్లోని పాత్రలను బొంత ముక్కలుగా గీసింది. ఆమె కుందేలుకూ ఉడుతకూ వంపులు ఉండవు. అన్నీ తిన్నని గీతలు, కోణాలు. కొత్తగా సూది పట్టినవాళ్ళకు ఇంతకన్నా మంచి బొమ్మలు దొరకవని నా అభిప్రాయం. తిన్నని గీత కుట్టు తప్పుల్ని క్షమిస్తుంది, గుండ్రటి చెంప క్షమించదు.

‘పెన్నీ స్క్వేర్’ అంటే?

బొమ్మ ముందే అచ్చేసిన తెల్ల గుడ్డ ముక్క. ఒక్కొక్కటి ఒక సెంటుకు అమ్మేవారు, ఆ పేరు అలా వచ్చింది. కుట్టు నేర్చుకునే పిల్లలకు దుకాణంలో దొరికే అతి చవకైన కాలక్షేపం అది. 1901లో బఫెలో నగరంలో జరిగిన పాన్-అమెరికన్ ప్రదర్శనకు ప్రత్యేకంగా ఇలాంటి ముక్కలు అచ్చేశారు. ప్రదర్శన భవనాలతో పాటు అధ్యక్షుడు మెకిన్లీ, ఆయన భార్య బొమ్మలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ సెప్టెంబరు 6న అదే ప్రదర్శనలోని సంగీత మందిరంలో మెకిన్లీ మీద కాల్పులు జరిగాయి, ఎనిమిది రోజులకు ఆయన చనిపోయాడు. బఫెలో ముక్కలున్న బొంతలకు ఇప్పుడు సేకర్తల్లో అంత గిరాకీ ఉండటానికి ఇదొక కారణం.

మా బొంతకు ఎలాంటి బొమ్మలు ఎంచుకోవాలి?

గీత తక్కువగా ఉన్నవి. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, పాతకాలపు వాటం దానంతట అదే వస్తుంది. రంగుల బొమ్మను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. రంగు తీసేస్తే అందులో ఏమీ మిగలదు. అందుకే ముందు బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పరిచి, అవసరమనుకున్న గీతలే పెన్సిలుతో దించండి. తరువాత బొమ్మను పక్కన పెట్టి ఆ కాగితం ఒక్కదాన్నే చూడండి. కథ అర్థమైతే ఆ బొమ్మ పనికొస్తుంది. గడ్డి పరకలు, ఇటుకల వరుసలు, బొచ్చు, చొక్కా మీది గళ్ళు మొహమాటం లేకుండా తీసేయండి. గడ్డి కావాలంటే మూడు పరకలు చాలు.

ఇరవై బొమ్మలూ ఒకే చిత్రకారుడివి, లేదా ఒకే చేత్తో మళ్ళీ గీసినవి అయితే బొంత ఒక పుస్తకంలా కుదురుగా ఉంటుంది. పాత బొంతల్లో మాత్రం ఈ నియమం లేదు. పిల్లి పక్కన అధ్యక్షుడు, అధ్యక్షుడి పక్కన టీ కెటిల్ ఉంటాయి. ఏది దొరికితే అది కుట్టారు. ఆ కలగాపులగం నచ్చితే అలాగే కానివ్వండి.

పుస్తకంలోని బొమ్మను వాడుకోవడం చట్టం ఒప్పుకుంటుందా?

భారతదేశంలో రచయిత లేదా చిత్రకారుడు చనిపోయిన తరువాత 60 ఏళ్ళు, బ్రిటన్‌లో 70 ఏళ్ళు హక్కులు ఉంటాయి. అమెరికాలో పాత పుస్తకాలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ళు లెక్క. 1886లో పోయిన కాల్డెకాట్, 1901లో పోయిన గ్రీనవే, 1915లో పోయిన క్రేన్ బొమ్మలకు ఎక్కడా చిక్కు లేదు. బీట్రిక్స్ పాటర్ 1943లో పోయింది కాబట్టి ఇక్కడా బ్రిటన్‌లోనూ ఆమె బొమ్మలు స్వేచ్ఛగానే ఉన్నాయి. అయితే ఆమె కథల్లోని పీటర్ రాబిట్ అనే కుందేలు పేరు మీద ప్రచురణకర్తల ట్రేడ్‌మార్కులు ఉన్నాయి. కుట్టుకోవచ్చు గాని ఆ పేరు పెట్టి అమ్మకానికి దిగితే చిక్కు.

మరి చందమామ బొమ్మలు, బాపు బొమ్మలు?

ఇంట్లో పిల్లలకోసం ఒక బొంత కుట్టుకుంటే ఎవరూ వచ్చి అడగరు. వ్యక్తిగత వాడకానికి మన చట్టంలో వెసులుబాటు ఉంది. అమ్మాలన్నా, నమూనాలుగా పంచాలన్నా మాత్రం కుదరదు. వడ్డాది పాపయ్య 1992లో, బాపు 2014లో పోయారు. హక్కుల గడువు ఇంకా చాలా ఉంది.

దీనికి చక్కని దారి ఉంది. పంచతంత్రం కథలు ఎవరి సొత్తూ కావు. రెండు హంసలు, వాటి ముక్కుల మధ్య కర్ర, కర్రను కరుచుకుని వేలాడే తాబేలు. దీన్ని ఎవరు గీసినా గుర్తుపడతారు, పది గీతల్లో అయిపోతుంది. మొసలి వీపు మీద కోతి, బావిలోకి తొంగి చూసే సింహం, ఈసప్ కథలో కడవలో రాళ్ళు వేసే కాకి కూడా గీతకు లొంగే బొమ్మలే. ఇది అమెరికన్ పాత బొంతకు నకలు కాదు, పద్ధతి ఒకటే. ఆ తేడా తెలిసి చేస్తే తప్పేమీ లేదు.

ఏ గుడ్డ తీసుకోవాలి?

అమెరికన్ నమూనాల్లో మస్లిన్ అని రాసి ఉంటుంది. దుకాణానికి వెళ్ళి అదే పేరు చెబితే మన దగ్గర పల్చటి, అవతలి చెయ్యి కనిపించే గుడ్డ ఇస్తారు. అది పనికిరాదు. మీకు కావలసింది ఒత్తుగా నేసిన సాదా నూలు గుడ్డ. తెల్లనిదైతే మంచి కేంబ్రిక్ లేదా లాంగ్‌క్లాత్, గోధుమ ఛాయ కావాలంటే కోరా గుడ్డ. పాలియెస్టర్ కలిసినది వద్దు, కుట్టు దగ్గర ముడతలు పడి ఇస్త్రీకి లొంగదు. గంజి పోయేదాకా వేడి నీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. నూలు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. బొమ్మ కుట్టాక కుదించుకుపోతే కుందేలు మొహం ముడతలు పడుతుంది.

ఏ దారం? ఎన్ని పోగులు?

ఆరు పోగుల నూలు ఎంబ్రాయిడరీ దారం. అందులో రెండు పోగులు విడదీసి కుట్టాలి. మొహంలోని కనుబొమ్మలకు, నోటికి ఒక్క పోగు చాలు. డీఎంసీ కంపెనీ దారాల్లో 321 నంబరు నిండు ఎరుపు, 498 కాస్త ముదురు. పాత బొంతల ఎరుపు నా కంటికి ఈ రెంటికీ మధ్యలో కనిపిస్తుంది. మన ఊళ్ళలో తేలికగా దొరికే యాంకర్ దారం కూడా బాగుంటుంది. పట్టులా మెరిసే రేయాన్ దారం మాత్రం దీనికి నప్పదు. పాతకాలపు కళ పోయి, పెళ్ళి జాకెట్టు మెరుపు వచ్చేస్తుంది.

లచ్చి ఒక్కొక్కటి 8 మీటర్లు ఉంటుంది. బొమ్మ మరీ గజిబిజిగా లేకపోతే ఒక్క లచ్చితో అటూ ఇటూగా మూడు ముక్కలు అవుతాయి. ఇరవై ముక్కలకు ఏడు చాలినా, తక్కువ పడకుండా పది లచ్చులు ఒకేసారి, ఒకే దుకాణంలో కొనేయండి. ఎరుపులో విడతకూ విడతకూ తేడా రావచ్చు, పక్కపక్కన పెట్టినప్పుడే అది తెలుస్తుంది.

రంగు కారుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవడం?

కాస్త దారం తుంచి, తడిపిన తెల్ల గుడ్డ మడతలో పెట్టి, దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించండి. గుడ్డకు ఎరుపు అంటితే ఆ దారం ఈ పనికి కాదు. ముక్కల మధ్య వేసే ఎర్ర పట్టీల గుడ్డను ఇంకా అనుమానంగా చూడాలి. దారం కన్నా గుడ్డే ఎక్కువ మోసం చేస్తుంది. ఒక మూలను తెల్ల గుడ్డతో కలిపి గిన్నెడు వేడి నీళ్ళలో గంటసేపు వదిలేస్తే దాని నిజం బయటపడుతుంది.

ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలబడదా?

నిలబడదు. ఇంటింటా ఉన్న నమ్మకం ఇది, కానీ నూలుకు పనిచేయదు. అద్దకం తొట్టిలో రంగు నూలులోకి ఎక్కడానికి ఉప్పు సాయం చేస్తుంది. ఎక్కడం అయిపోయాక, అంటకుండా మిగిలిపోయిన రంగును ఉప్పు కట్టిపడేయలేదు. వెనిగర్ ఉన్ని, పట్టు రంగులకు పనికొచ్చేది. కారే ఎర్ర గుడ్డకు మందు ఒక్కటే. నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ ఉతకడం. ఎంతకీ తేటపడకపోతే ఆ గుడ్డతో ఇంకేదైనా కుట్టుకోండి.

కుట్టాక కారితే ఏం చేయాలని కూడా అడుగుతారు. ముందు, ఆరనివ్వకండి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. పెద్ద బకెట్టు నీళ్ళలో సబ్బు వేసి గంటలకొద్దీ నాననిచ్చి, నీళ్ళు మారుస్తూ ఉండండి. తడిగా ఉన్నంతసేపు ఆశ ఉంటుంది.

బొమ్మను గుడ్డ మీదికి ఎలా దించాలి?

పల్చటి తెల్ల గుడ్డకు కిటికీ అద్దమే చాలు. పగటి వెలుతురులో కాగితం అద్దానికి అంటించి, దాని మీద గుడ్డ అంటించి గీయండి. చేతులు నొప్పి పుడితే గాజు బల్ల కింద ఫోను లైటు పెట్టండి.

దేనితో గీయాలన్నది అంతకన్నా ముఖ్యం. గట్టి ములుకు పెన్సిలుతో తేలికగా గీస్తే కుట్టు దాన్ని కప్పేస్తుంది. నీళ్ళకు పోయే నీలం పెన్ను మంచిదే. కానీ కడగకుండా ఇస్త్రీ చేస్తే ఆ నీలం పోవడం కష్టం. వేడికి మాయమయ్యే పెన్నుకు దీనికి సరిగ్గా వ్యతిరేక గుణం ఉంది. ఇస్త్రీతో మాయమై, చలికి మళ్ళీ తేలుతుంది. చలి దేశాల్లో ఉన్న చుట్టాలకు బొంత పంపేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

చీరల మీద డిజైన్లు దించేవారు బటర్ పేపరు మీద గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డ పీలికతో రుద్దుతారు. 19వ శతాబ్దపు అమెరికాలో కూడా చిల్లుల కాగితం, పొడి కలిపి పెట్టెలుగా అమ్మేవారు. ఒకే బొమ్మను పాతిక సార్లు దించాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. ఒక్కో బొమ్మ ఒక్కసారే కావలసిన మన బొంతకు అంత శ్రమ దండగ.

ఏ కుట్టు వాడాలి? గీత వంకరపోకుండా ఉండాలంటే?

కాడ కుట్టు. ఎడమ నుంచి కుడికి వెళుతూ, ప్రతి కుట్టునూ ముందు కుట్టు సగం దగ్గర నుంచి పైకి తీసుకురావాలి. అప్పుడు గీత సన్నని తాడు పేనినట్టు వస్తుంది. దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండాలి. కింది పక్కన ఉంచితే కాడ కుట్టు, పై పక్కన ఉంచితే దాని అద్దంలో ప్రతిబింబం లాంటి అవుట్‌లైన్ కుట్టు. ఏదైనా ఫరవాలేదు, ఒకే బొంతలో రెండూ కలపకండి. తాడు మెలిక దిశ మారిపోయి, ఎందుకో తెలియకుండానే చూపుకు అడ్డు తగులుతుంది.

కుందేలు చెవి దగ్గర ఎలా కుట్టాలో చూద్దాం. తల దగ్గర మొదలుపెట్టి చెవి పక్కగా పైకి వెళుతున్నప్పుడు కుట్టు మూడు మిల్లీమీటర్లు ఉండవచ్చు. చెవి వంపు తిరిగే చోట రెండుకు తగ్గించాలి. కొనకు వచ్చాక చాలామంది అదే ఊపులో మలుపు తిప్పేస్తారు, చెవి కొన మొద్దుబారుతుంది. అలా కాకుండా, సూదిని సరిగ్గా కొన చుక్కలోనే కిందికి దించి, వెనక వైపు ఉన్న కుట్టులోంచి ఒకసారి దూర్చి పట్టు ఇచ్చి, మళ్ళీ ఆ కొన పక్కనుంచే పైకి తీసి కొత్త దిక్కుకు మొదలుపెట్టాలి. కొన సూదిగా నిలబడుతుంది. రెండో చెవి మొదటిదాని వెనక ఉంటే, ముందున్న చెవినే ముందు పూర్తి చేయండి. వెనక చెవి గీత దాన్ని తాకే చోట ఆగిపోవాలి, దాటకూడదు. కంటికి ఒక్క ముడి కుట్టు, రెండు చుట్లే. మూడు చుట్లయితే కుందేలు ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది.

ఫ్రేము ఐదారు అంగుళాలది చాలు. పని ఆపినప్పుడల్లా విప్పేయండి. వారాల తరబడి బిగించి వదిలేస్తే పడే గుండ్రటి మడత తేలిగ్గా పోదు.

వెనక వైపు ఎవరు చూస్తారు?

ఎవరూ చూడరు, కానీ ముందుకు కనిపిస్తుంది. తెల్ల గుడ్డ కింద ఎర్ర దారం ఒక కాలు నుంచి ఇంకో కాలికి గెంతితే, ఇస్త్రీ చేశాక ఆ గీత నీడలా పైకి తేలుతుంది. అర అంగుళం మించి గెంతవద్దు. దారం తెంపి, కొనను కుట్ల కిందుగా దూర్చి, మళ్ళీ మొదలుపెట్టండి. ముడులు వేయకండి. ఇంకో ఉపాయం కూడా ఉంది. కుట్టడానికి ముందే తెల్ల గుడ్డ వెనక పల్చటి నూలు గుడ్డ ఒకటి కచ్చా కుట్టు వేసి, రెండింటినీ కలిపి కుట్టడం. అప్పుడు నీడలు ఉండవు, ముక్కకు ఒత్తు వస్తుంది.

మిషన్ ఎంబ్రాయిడరీతో చేస్తే?

త్వరగా అవుతుంది, ఉతుకుకు గట్టిగానూ ఉంటుంది. పాతకాలపు వాటం మాత్రం రాదు. చేతి కుట్టులో కుట్టుకూ కుట్టుకూ ఉండే చిన్న తేడాయే ఆ కళ. మిషన్ గీతకు ఆ ఊపిరి ఉండదు. బొంత కలపడానికి, పట్టీలు అతకడానికి మిషను నిక్షేపంగా వాడండి.

కొలతలు చెప్పండి.

ఇరవై ముక్కలు, అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు. కుట్టు వేయడానికి ముక్కల్ని 10 అంగుళాల చదరాలుగా కత్తిరించండి. బొమ్మ ఆరున్నర అంగుళాలు దాటకూడదు. కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాక బొమ్మ నడిమధ్యకు వచ్చేలా ఎనిమిదిన్నరకు కత్తిరించాలి. ముందే ఎనిమిదిన్నరకు కోస్తే అంచులు పీచుపోయి, ఫ్రేములో పట్టు దొరక్క అవస్థ పడతారు.

మధ్య ఎర్ర పట్టీలు కత్తిరించేటప్పుడు రెండున్నర అంగుళాలు, కుట్టాక రెండు. అన్ని కుట్లకూ పావు అంగుళం మార్జిను. ముక్కల మధ్యా, చుట్టూ కూడా పట్టీలు వస్తే 42 అంగుళాల వెడల్పు, 52 పొడవు అవుతుంది. దాని చుట్టూ నాలుగంగుళాల తెల్ల అంచు వేస్తే 50కి 60. పిల్లల మంచానికి, ఒళ్ళో కప్పుకోవడానికి సరిపోతుంది.

44 అంగుళాల పన్నా లెక్కన ముక్కలకు మీటరున్నర, తెల్ల అంచుకు ముప్పావు మీటరు, ఎర్ర పట్టీలకూ చివరి అంచు పట్టీకీ కలిపి మీటరుంపావు, అడుగు గుడ్డకు మూడుంపావు మీటర్లు. 36 పన్నా అయితే ముక్కలకే రెండు మీటర్లు కావాలి. ఇవన్నీ ఉతికి కుదించిన తరువాతి లెక్కలు, కొనేటప్పుడు కాస్త ఎక్కువే తీసుకోండి.

లోపల దూది తప్పనిసరా?

కాదు. పాత రెడ్‌వర్క్ బొంతలు అనేకం నిజానికి దూది లేని పై కప్పులే. ముక్కల్ని అతికి, అతుకుల మీదుగా ఎర్ర దారంతో ఈకలాంటి అలంకార కుట్టు నడిపి వదిలేసేవారు. మన వాతావరణానికి అదే మేలు. అడుగున మెత్తటి పాత నూలు చీర వేస్తే వేసవిలో కూడా కప్పుకోవచ్చు. పొర కావాలంటే బ్యాటింగ్ అనే దూది పరుపుల్లో పల్చటి నూలుది వేయండి. పాలియెస్టర్ పొర ఉబ్బి, బొమ్మల్ని దిండు మీది బొమ్మల్లా చేస్తుంది.

దూది వేసి కుట్టే పక్షంలో, బొమ్మ మీదుగా ఎప్పుడూ కుట్టు నడపకండి. వెనకున్న ఖాళీలో తెల్ల దారంతో వాలు గళ్ళు వేసి, బొమ్మ దగ్గరకు రాగానే ఆపి, అవతల మళ్ళీ అందుకోండి.

పాతదిలా కనిపించడానికి టీ డికాక్షన్‌లో ముంచమంటున్నారు. నిజమేనా?

నాకు నచ్చని సలహా. టీ రంగు గుడ్డ మీద సమంగా పట్టదు, దానిలోని టానిన్లు కాలక్రమంలో నూలును బలహీనపరుస్తాయి. పాత బొంతల్లో మంచివి ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి, గోధుమ మరకలు ఉన్నవి సరిగ్గా దాచనివి. వాటిని అనుకరించడం ఎందుకు? కోరా గుడ్డ వాడితే కావలసిన ఛాయ దానికే ఉంటుంది.

ఎలా ఉతకాలి, ఎలా దాచాలి?

చల్లటి నీళ్ళు, మెత్తటి సబ్బు, నీడలో ఆరబెట్టడం. తడి బొంతను తీగ మీద వేలాడదీస్తే బరువుకు అతుకులు సాగుతాయి, మంచం మీద పరిచి ఆరబెట్టండి. బొమ్మల్ని తిరగేసి, కింద తువ్వాలు వేసి ఇస్త్రీ చేస్తే కుట్టు అణగిపోదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. ఉతికిన పాత పంచెలో చుట్టి, ఏడాదికి రెండు మూడు సార్లు మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఆ గీత దగ్గరే చిరుగుతుంది.

అమెరికాలో ఉంటాం. పాత వస్తువుల దుకాణంలో ఇలాంటి బొంత దొరికితే అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?

దగ్గరగా చూడండి. కుట్టు పక్కకు తప్పిన చోట్ల కింద అచ్చు గీత కనిపిస్తే అది అచ్చేసిన ముక్క. ఒక్కో ముక్కలో ఒక్కో చేతివాటం ఉంటే పలువురు కలిసి కుట్టినది. చర్చిలకు విరాళాలు పోగుచేయడానికి పేర్లు కుట్టిన బొంతలు కూడా ఉన్నాయి, తేదీ ఉంటే ఇక వెతుకులాట అక్కర్లేదు. ఎరుపు సమంగా, నిండుగా ఉండి చుట్టూ తెలుపు శుభ్రంగా ఉంటే టర్కీ ఎరుపు కావడానికి అవకాశం ఎక్కువ. గులాబీలోకో నారింజలోకో వెలిసిపోయి ఉంటే వేరే రంగు. మొత్తం బొంత ఒకే మందంతో, వెనక దారం కొనలన్నీ ఒకే తీరుగా ఉంటే ఇటీవల మిషను మీద చేసిన నకలేమో చూసుకోండి. నెబ్రాస్కాలోని లింకన్‌లో అంతర్జాతీయ క్విల్ట్ మ్యూజియం ఉంది. అటువైపు వెళితే అసలైన పాత బొంతల్ని కళ్ళారా చూడవచ్చు.

ఇరవై ముక్కలంటే భయంగా ఉంది. చిన్నగా మొదలుపెట్టవచ్చా?

దిండు గలేబులతో మొదలుపెట్టండి. అప్పటివాళ్ళకు కూడా జత గలేబులంటే భలే ఇష్టం. ఒకదాని మీద నిద్రపోయే పిల్ల, ‘గుడ్ నైట్’. రెండోదాని మీద లేచి కూచున్న పిల్ల, ‘గుడ్ మార్నింగ్’. ముఖం కడుక్కునే బల్ల వెనక, గోడ తడవకుండా కట్టే గుడ్డ మీద బాతులు, కొంగలు కుట్టేవారు. ఒక బొమ్మ, ఒక లచ్చి దారం, కాస్త లాంగ్‌క్లాత్ ఉంటే ఈ రాత్రికే కూర్చోవచ్చు. గలేబు కుట్టే పక్షంలో బొమ్మను సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పైకి జరపండి, తల పెట్టుకునే చోట ముడి కుట్టు బుగ్గకు గుచ్చుకుంటుంది.